మెత్తని పైపొర

మా మావయ్య ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో ఉక్కు గట్టిదనం పరీక్షించాడు. అది మూతపడ్డాక వంటింటి వెనక షెడ్డులో కత్తులు చేస్తున్నాడు. ఒక హోటల్ వంటమాస్టరు ఎనిమిది కత్తులు అడిగాడు. నచ్చితే అతని మిగతా మూడు వంటగదులకూ మావయ్యే చేస్తాడు. నచ్చకపోతే వాచ్‌మన్ ఉద్యోగం. అత్త ఆ దరఖాస్తు నింపేసి ఫ్రిజ్ మీద పెట్టింది. సంతకమే తరువాయి.

ఇంట్లో పరీక్షకు మిషను లేదు. ఇనుము అరగదీసే ఆకురాళ్లు ఆరున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి గట్టివి. వరసగా కత్తి మీద గీకాలి. ఆకురాయి జారిపోతే కత్తి గట్టిది, గీత పడితే కత్తే మెత్తన. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన కత్తి మీద ఐదోది కూడా జారాలి. మాకు రెండోదే గీత పెట్టింది.

"ఇంకోసారి కాలుద్దాంరా."

"నిన్నా అదే అన్నావు మావయ్యా."

"నిన్న నూనె చల్లగా ఉంది."

"మరి మొన్న?"

"మొన్న నువ్వు పక్కన వాగుతున్నావు."

కాల్చాం. మూడోసారి. ఐదు కత్తులు వంకర తిరిగాయి, రెండు అంచు దగ్గర పగిలాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆకురాయి నేలకేసి కొట్టాను.

ఎనిమిదో కత్తి అత్త దగ్గరుంది. మొదటి రోజే లాక్కుపోయింది. నల్లగా ఉందని సానరాయి మీద గంటసేపు రుద్ది తెల్లగా చేసుకుంది.

"మీ ఇద్దరి నూనె కంపుకి ఇల్లు ఇల్లులా లేదు. నాకైతే ఇది బ్రహ్మాండంగా తెగుతోంది," అంది.

కోపంతో ఆ కత్తి లాక్కుని ఐదో ఆకురాయితో గీకాను. జర్రున జారింది. మళ్లీ గీకాను. మళ్లీ జారింది.

మావయ్య బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"కాలిస్తే పైపొర మెత్తబడుతుందిరా. లోపల గట్టిగానే ఉంటుంది. పైపొర తీసి గీకాలి."

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు. ఫ్యాక్టరీలో ఆ పని పక్కబల్ల బట్టతలవాడిది. వాడు రుద్దాకే ఉక్కు నా దగ్గరికొచ్చేది."

"ఇరవై రెండేళ్లు పక్కనే ఉన్నావు కదా!"

"వాడి బల్ల వాడిది, నా బల్ల నాది."

నేనూ తక్కువ తినలేదు. ఆకురాళ్లు కొనిపించింది నేనే, వాటితో వచ్చిన, ఎలా వాడాలో రాసిన కాగితం చదవకుండా పారేసిందీ నేనే. మొదటి రోజు కత్తులు ఎనిమిదీ బాగున్నాయి. బాగున్నవాటిని మళ్లీ మళ్లీ కాల్చి చంపాం.

సాయంత్రం వంటమాస్టరు వచ్చాడు. అత్త తన కత్తి తుడిచి ఇచ్చింది. అతను టమాటా తరిగి, ముక్కని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది బాగుంది. మిగతా ఏడు?"

మావయ్య వంకర కత్తుల బకెట్‌ని మడమతో వెనక్కి నెట్టాడు.

"పది రోజులు."

"పోయినసారీ పదే అన్నారు. ఈసారి పదకొండో రోజున బజార్లో కొనుక్కుంటా."

కత్తి తీసుకుని వెళ్లిపోయాడు.

"ఇప్పుడు నేను దేంతో తరగాలి?" అంది అత్త. మావయ్య సానరాయి తడిపి, కొత్త ఉక్కు పట్టీ అందుకున్నాడు. అత్త ఫ్రిజ్ మీద దరఖాస్తుని తీయలేదు. దాని పక్కన పెన్ను కూడా పెట్టింది.