మలుపు దగ్గర కెమెరా అన్న

క్యాంపస్ వెనక మట్టి ట్రాక్ మీద బైక్ రేసులు జరిగే రాత్రుల్లో, మలుపు దగ్గర ఒకాయన కెమెరాతో గొంతుక్కూర్చునేవాడు. ఆయనకు రేసులంటే పిచ్చి అనేవారు. నాకు మాత్రం అనుమానం. రేసులో నాది చివరిదే అయినా సుస్థిరమైన స్థానం. అందరూ దూసుకుపోయాక నన్నొక్కణ్ణే ఫోటో తీసి, చొక్కా అంచుతో లెన్స్ తుడుచుకుంటూ నవ్వేవాడు. నేను నడిపేది తార్నాకలో ఉండే మామయ్య బండి. రేసుల సంగతి తెలిస్తే లాగేసుకుంటాడు. ఈ కెమెరా ఆయన్ను మామయ్యే పంపాడేమో!

ఒకరోజు నిలదీశాను. "నిన్ను మా మామ పంపిండా అన్నా? నన్నే ఎందుకు తీస్తవ్?"

"ఏ మామ తమ్మీ? గిది పాత కెమెరా. వాళ్లను తీస్తే దుమ్మే పడ్తది. నువ్వొక్కడివే నిమ్మళంగ వస్తవ్," అంటూ ఫోటో చూపించాడు.

అందులో నేనెంత వీరుడిలా ఉన్నానంటే, దాచుకోలేక మామయ్యకు నేనే చూపించాను. బండి తాళం అప్పుడే ఆయన జేబులోకి పోయింది.