ఏడో పేజీ

ఇదివరకు పొద్దున్నే ఆమె కూరలు తరుగుతుంటే, ఆయన వంటింటి గడప మీద కూర్చుని తను రాసింది చదివి వినిపించేవాడు. చతికిలబడ్డ కొట్లూ కార్ఖానాలూ చూసి, లోపం ఎక్కడుందో రాసిచ్చే కన్సల్టెంటు ఆయన. ముప్పై ఏళ్లు అదే పని. ఆమె చదువు ఐదో తరగతితో సరి.

"నీకర్థం కానిది యజమానికీ అర్థం కాదోయ్" అంటూ, ఆమె మొహం చిట్లించిన చోటల్లా కొట్టేసి మళ్లీ పెన్సిల్‌తో రాసేవాడు. సాయంత్రాలు పేట సంఘానివి. కుళాయికైనా వీధి దీపానికైనా అర్జీ ఆయనే రాయాలి.

ఆయన పోయి ఇరవై రోజులు. ఇప్పుడు ఆమె కూరలు తరిగేటప్పుడు రేడియో పెట్టుకుంటోంది. ఏం చెబుతోందో వినదు.

ఆ రోజు తొమ్మిదింటికి ఆయన భాగస్తుడు వచ్చాడు. కూరగాయల మార్కెట్టు ఉంచాలా, తీసేసి భవనం కట్టాలా అని ఆయన ఉండగానే పురపాలక సంఘం ఇద్దరినీ సలహా అడిగింది. ఇవాళ పదకొండింటికి దాని మీదే సభ.

"వదినా, అన్నయ్య పెన్సిల్‌తో రాసిన కాగితాలు ఇచ్చెయ్యండి. టైపు చేయించింది నా దగ్గరుంది."

"అందులో ఏమని ఉంది?"

"మార్కెట్టు తీసెయ్యొచ్చని. మీకెందుకమ్మా ఈ తలనొప్పి?"

గంపలు పెట్టుకునే నూట నలభై మంది బతుకు అది.

"ఏడో పేజీలో తీసెయ్యొద్దనే రాశారు మరిది గారూ. పైకప్పు వేసి, నీళ్లిస్తే చాలన్నారు. నాకర్థం కాలేదని మూడుసార్లు మార్చారు."

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. మరుక్షణమే తేరుకున్నాడు.

"ఎవరితోనైనా అనేరు! మీ అమ్మాయి ఉద్యోగం నా ఆఫీసులోనే, మరిచిపోకండి."

ఆమెకు కూతురు మొహం కళ్ల ముందు మెదిలింది. నిన్ననే ఆ పిల్ల, "నాన్న పేరు మీద అబద్ధం ఆడితే నేనా ఆఫీసులో ఉండనమ్మా" అంది. అప్పుడు అర్థం కాలేదు.

"ఇన్నేళ్లూ టీ పెట్టడం తప్ప ఏం చేశారని ఇవాళ పెద్దరికం? వెళ్లి అదే పెట్టండి. నేను అన్నయ్య ఆఫీసు గదిలో వెతుక్కుంటాను."

"అలాగే."

గదిలో అతను సొరుగులు లాగుతున్న చప్పుడు. వంటింట్లో పప్పుడబ్బాల వెనక నుంచి ఆమె కాగితాల కట్ట తీసింది. ఆయన చదివిన చోటే పెట్టేవాడు, ఆఫీసు గదిలో ఎప్పుడూ కాదు.

"చక్కెర తక్కువ వెయ్యండి వదినా!"

పాలగిన్నె గట్టు మీదే ఉంది. ఆమె స్టవ్ వెలిగించలేదు. కట్ట చంకలో పెట్టుకుని, పెరటి తలుపు చప్పుడు కాకుండా తీసి, సభ దారి పట్టింది.