హల్కా సైకిల్

ఈ పొద్దున ఆరూ పదికి పక్క ఫ్లాట్ అమ్మాయి మెట్ల దగ్గర తన సైకిల్ నిలబెట్టి, వెనక కమ్మీలకు కట్టాల్సిన సంచులు కింద సర్దుకుంటోంది. సెలవు దొరికితే సైకిల్ మీద దూరాలు పోయే పిల్ల. ఈసారి శ్రీశైలం అంది. "ఎత్తి చూడండి ఆంటీ, ఎంత లైటో" అంటే ఎత్తాను. ఒక చేత్తోనే లేచింది. అది నల్ల సైకిల్. నల్లది అంత తేలిగ్గా లేస్తుందని నా చేతికి కాసేపు నమ్మకం కుదరలేదు.

నాకు తెలిసిన నల్ల సైకిల్ మా తాతది. నాంపల్లి స్టేషన్ వెనక మేమున్న కిరాయి ఇంటి వాకిట్లో గోడకు ఆనించి ఉండేది. దానికి ఇనుప స్టాండు, చైన్‌ను నిండా కప్పేసే రేకు మూత, బియ్యం బస్తా వేసినా వంగని క్యారియర్, ముందు డైనమో దీపం ఉండేవి. చలికాలం పొద్దున హ్యాండిల్ పట్టుకుంటే అరచేతులు జివ్వుమనేవి. దాని నూనె వాసన, సందు మొదట్లోని హోటల్ చాయ్ వాసన, అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన మూడూ కలిసి వచ్చేవి. తాత పోయాక అది అక్కకు దక్కింది.

బాపు ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. ఏటా చలికాలంలో సెలవు పెట్టి, రొట్టెలు, పల్లీల కారం మూట కట్టుకుని, తన సైకిల్ మీద బీదర్ దాకా పోయి వచ్చేవాడు. అక్కడ ఏం పని అని ఎవరైనా అడిగితే, "పనేం లేదు, గాడ గాలి మంచిగుంటది" అనేవాడు. అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా తానూ వస్తానని పట్టుబట్టింది.

"ఆడివిల్ల బీదర్ దాక తొక్కుడేందిరా? నీ బిడ్డకు జర చెప్పు" అంది నానమ్మ.

బాపు అక్కను కాదనలేదు, ఔననలేదు. "నౌబత్ పహాడ్ చడావు నడుమ కాలు దించకుండ ఎక్కు, తీస్కపోత. ఉట్టి సైకిల్ కాదు, సామానుతోని ఎక్కాలె."

"సామానేది?"

బాపు వాకిట్లో కూర్చుని చద్దిరొట్టె తింటున్న నన్ను చూపించాడు. "గదే."

అట్లా నేను సామాను అయ్యాను. ఆదివారం ఆదివారం అక్క నన్ను క్యారియర్ మీద వేసుకుని, అసెంబ్లీ ముందు నుంచి తొక్కి, నౌబత్ పహాడ్ గుట్ట ఎత్తు మొదలయ్యే చోట సీటు మీంచి లేచేది. సగం దాటేదాకా బాగానే పోయేది. తర్వాత ముందు చక్రం అటూ ఇటూ ఊగేది, అక్క కాలు నేలకు తగిలేది. "జర తక్కువ తినవే, బస్తా" అని తిడుతూ సైకిల్ తోసుకుంటూ పైకి నడిచేది. నేను రొట్టె ఒకటి తగ్గించాను. ఊపిరి బిగపడితే మనిషి బరువు తగ్గుతుందని కూడా నా అంతట నేనే కనిపెట్టి, చడావు వచ్చినప్పుడల్లా బిగపట్టేదాన్ని. అది అక్కకు చెప్పలేదు.

తప్పు మా ఇద్దరిదీ కాదు, సైకిల్‌దేనని అక్క చివరికి తేల్చింది. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజులు. మా సందు సైకిల్ మిస్త్రీ ఆ నెలంతా అక్కడి దుకాణాల బోర్డులకు రంగులు వేసే పనిలో ఉండేవాడు. అక్క సైకిల్ అక్కడ నిలబెట్టి, దీన్ని జర హల్కా చెయ్యమంది. స్టాండు, రేకు మూత, డైనమో తీసెయ్యమని ఆమె ఉద్దేశం. సాయంత్రం వెళ్లేసరికి అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సైకిల్ మాత్రం బోర్డులకు వాడగా మిగిలిన లేత నీలంలో మెరుస్తోంది. తెలుగులో బరువుకు తేలిక అంటాం, రంగుకు లేత అంటాం. మిస్త్రీ మాట్లాడే ఉర్దూలో రెండింటికీ హల్కాయే.

"హల్కా బోలే నా బేటీ? కర్ దియా" అన్నాడాయన, అడిగిందే చేసిపెట్టానని, చేతులు తుడుచుకుంటూ, ఎంతో సంతోషంగా.

అక్క ఇంటికొచ్చి ఏడ్చింది. బాపు నవ్వాడు. "రంగు తొక్కదు బిడ్డా, కాళ్లు తొక్కుతయ్. ఇంక పూత ఎక్కి బరువైంది."

ఆ ఆదివారం బాపు సెలవు పెట్టే ముందరి ఆఖరి ఆదివారం. అక్క నన్ను ఎక్కించుకుని బయలుదేరింది. ఎత్తు మొదలయ్యాక నాకు కనిపించింది ఆమె వీపు, జడ, మెడ మీద చెమట, అంతే. నేను ఊపిరి బిగపట్టాను, వదిలాను, మళ్లీ బిగపట్టాను. ఎప్పుడూ కాలు పడే చోట కాలు పడలేదు. చక్రం ఊగింది, కానీ ముందుకే ఊగింది. గుట్ట పైన మా కోసం నిలబడి ఉన్న బాపు నన్ను దింపి, సైకిల్‌ను ఎత్తి చూసి, కింద పెట్టాడు.

"గంతే ఉన్నదే."

"హల్కానే ఉంది బాపూ" అంది అక్క, రొప్పుతూ.

మాట ప్రకారం బాపు ఆమెను బీదర్ తీసుకుపోయాడు. తెల్లవారుతుండగా నా చోట బట్టల సంచీ, రొట్టెల మూట కట్టారు. వాకిట్లో నిలబడి, ఆ లేత నీలం సందు మలుపు తిరిగేదాకా చూశాను.

తర్వాత నేను చదువుకున్నాను. లేత రంగు వస్తువు కంటికి తేలిగ్గా అనిపిస్తుందని, కాళ్లకు దానితో పని లేదని, అన్ని ఆదివారాలు తొక్కినందుకే ఆమె కాళ్లు గట్టిపడి ఉంటాయని అక్కతో చాలాసార్లు వాదించాను. ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. పోయిన వానాకాలం దవాఖానలో, మాట కూడదీసుకుని మాట్లాడే రోజుల్లో, మళ్లీ ఆ సంగతి వచ్చింది.

"రంగే" అంది. ఊపిరి తీసుకుని, "నువ్వు ఎన్క ఊపిరి బిగపట్టేదానివి. గది గూడ" అంది.

ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. అక్క వెళ్లిపోయి ఇప్పటికి ఒక చలికాలం గడిచింది.

పక్క ఫ్లాట్ అమ్మాయి సంచులు కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, చెయ్యూపి గేటు దాటింది. ఆ వెనక కమ్మీలు సంచులకే, మనిషిని మోయవని ముందే చెప్పింది. ఇప్పుడు సైకిల్ వెనక ఎవరూ ఎవరినీ ఎక్కించుకోవడం లేదు.