టైలరమ్మ కుడికాలు

"ఆ కాలు నా మిషను మీద పెట్టావంటే విరగ్గొడతా!" అంది టైలరమ్మ.

తోటికోడలు గబుక్కున పెడల్ మీంచి కాలు తీసేసింది. ఆమె కుడి అరికాల్లో, బొటనవేలి కింద, శనగగింజంత గట్టి కాయ లేచింది.

"అది పులిపిరే. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. వెనక గదిలో కూర్చుని గుండీల కాజాలు కుట్టుకో" అని టైలరమ్మ తీర్పు చెప్పేసింది.

వీధిలో టైలరమ్మను పేరుతో పిలిచేవాళ్లు లేరు. మొగుడు మంచాన పడ్డప్పుడు పాత మిషను ఒకటి తెచ్చుకుని, బడిపిల్లల యూనిఫాములు కుట్టి, అతని మందులకూ మరిది చదువుకూ ఆ పెడల్ తొక్కే సంపాదించింది. మొగుడు పోయాక కొద్దిరోజులకే మళ్లీ మిషనెక్కింది. ఏడుపు కూడా తొక్కుతూనే ఏడ్చిందని వీధిలో చెప్పుకున్నారు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. మరిది పెళ్లి చేసుకొచ్చిన ఈ పిల్ల కుట్టడం మొదలుపెట్టిందో లేదో, గుమ్మంలోకొచ్చినవాళ్లు "చిన్నావిడ చేత కుట్టించండి" అనసాగారు. ఆ మాట విన్నప్పుడల్లా టైలరమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడా మంటకు ఇంకో కారణం దొరికింది. తన కుడికాలికీ సరిగ్గా అక్కడే కాయ లేచింది. ఈ పిల్లే అంటించిందని ఆమె నమ్మకం. కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే తనే కుర్చీ దిగాలి కదా! స్నానాలగదిలో గడియ పెట్టుకుని బ్లేడుతో చెక్కుకుంది. ఒంట్లో షుగరుంది, పుండు మానలేదు. సాక్సు తొడుక్కుని తొక్కుతూనే ఉంది.

చిన్నావిడ ఊరుకోక ఆసుపత్రికి వెళ్లొచ్చింది.

"ఆనెకాయట అక్కా, నర్సు చూసి చెప్పింది. అంటుకునేది కాదట. పులిపిరయితే రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పెడుతుందట, లోపల నల్లచుక్కలు కనపడతాయట. నాకు పైనుంచి నొక్కినప్పుడే ప్రాణం పోయింది. చర్మం గీతలు కూడా కాయ మీదుగానే పోతున్నాయి, చూడు."

"నీ కాలు నా మొహాన పెడతావేంటే? నర్సు చెప్పిందా, నువ్వు చెప్పించుకున్నావా?"

"గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రాయితో మెల్లగా రుద్దమంది. బ్లేడు మాత్రం ముట్టుకోవద్దంది."

టైలరమ్మ మొహం మాడిపోయింది. చిన్నావిడ నేరుగా వెళ్లి మిషను ముందు కూర్చుంది.

"లేవే!" టైలరమ్మ ఒక్క ఊపున వచ్చి ఆమె రెక్క పట్టి లాగింది. బరువంతా కుడికాలి మీద పడింది. కెవ్వుమని అక్కడే కూలబడింది. సాక్సు ఎర్రగా తడిసింది.

"ఏంటక్కా అది?"

"నీ పుణ్యమే! నువ్వంటించిందే! చూడు, చూసి చావు!"

చిన్నావిడ సాక్సు ఊడదీసింది. పుండు చుట్టూ మిగిలిన కాయను రెండు పక్కల నుంచీ నొక్కింది. టైలరమ్మ నొప్పి అనలేదు. పైన వేలు ఆనించిందో లేదో, ఎడమకాలితో ఒక్క తన్ను తన్నింది.

"ఇదీ ఆనే" అంది చిన్నావిడ మోచెయ్యి రుద్దుకుంటూ. "ఇద్దరికీ ఒకే చోట ఎలా వచ్చింది?"

వంగి పెడల్ తడిమింది. "ఈ బోల్టు ఎవరు బిగించారు?"

పెడల్ పలక ఊడినప్పుడు, మెకానిక్కుని పిలవడం దండగని టైలరమ్మే చేతికందిన బోల్టు పెట్టి బిగించింది. దాని తల పైకి పొడుచుకొచ్చి ఉంది. ఇద్దరి పాదాలూ నలిగింది దాని మీదే.

"మిషనన్నాక బోల్టులుంటాయి" అంది టైలరమ్మ గోడకేసి చూస్తూ.

"పద, ఆసుపత్రికి. షుగరున్న కాలది."

"నన్నక్కడ పడేసి కుర్చీ ఎక్కుదామనా?"

"ఎక్కుతా. నీ కాలు పోయినా ఎక్కేది నేనే. కాలుంటే కనీసం నాతో పోట్లాడి దింపడానికైనా వస్తావు."

ఈ పిల్ల నోట అంత మాట టైలరమ్మ ఎన్నడూ వినలేదు. సాయం పట్టబోయిన చేతిని విదిలించి, గోడ పట్టుకుని కుంటుతూ బయల్దేరింది.

డాక్టరు పుండు చూసి చెడామడా తిట్టాడు. షుగరున్నవాళ్లు ఆనెల్ని బ్లేడుతో చెక్కినా, కొనుక్కొచ్చిన మందుపట్టీలు అంటించినా పాదమే పోవచ్చన్నాడు. కట్టు కట్టి, మానేదాకా పెడల్ జోలికి పోవద్దన్నాడు.

బోల్టు తీయించి పలక సాపు చేయించారు. కుర్చీ చిన్నావిడ పాలైంది. టైలరమ్మ పక్కనే పీట మీద కట్టుకాలు చాపుకుని కూర్చుని, కాజాలు కుడుతూ కారాలు మిరియాలు నూరుతోంది.

"ఆ చంక కుట్టు విప్పు. వంకరగా ఉంది."

"కళ్లజోడు పెట్టుకుని చూడు."

"నాకే చెప్తావా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

ఇంతలో ఒకావిడ తన కొడుకు చొక్కా తీసుకెళ్లడానికొచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసుకుని, "భలే కుదిరిందే! ఎవరు కుట్టారు?" అంది.

"నేనే" అంది టైలరమ్మ, సూది ఆపకుండా.

చిన్నావిడ దారం పళ్లతో తెంపింది. "కాజాలండీ" అంది. "కాజాలు ఆవిడ కుట్టారు."

టైలరమ్మ గుడ్లురిమి చూసేసరికి ఆమె అప్పటికే తల వంచుకుని పెడల్ తొక్కుతోంది.