గట్టు తగలని చోటు

మా చిన్నతనంలో ఒక ఆదివారం... హైదరాబాద్‌లో గుట్ట మీద పార్కు. అందరూ కింద కనబడే పట్నాన్ని చూసి మురిసిపోతుంటే, అమ్మ మాత్రం "మనూరు ఎటు దిక్కున్నదయ్యా?" అని నాయిన్ని అడిగింది.

మాది నిడమనూరు. ఆ ఏడాది కాలువకు నీళ్లు వదల్లేదు... మడులన్నీ నెర్రెలు బారాయి. బతకడానికి అమ్మా నాయినా నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని పట్నం వచ్చారు. కడుతున్న బిల్డింగు పక్కనే రేకుల గుడిసె, అక్కడే సిమెంటు పని. అమ్మకు ఒకటే ధ్యాస... "కాలువ ఇడిస్తే తెల్లారే బస్సెక్కుదాం, నాట్లకు అందుకోవాలె" అనేది రోజూ.

నాయిన దూరంగా చెయ్యి చూపించాడు. చెట్టు అడ్డం వచ్చిందని అమ్మ అటే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. వెనక పిట్టగోడ... దాని అవతల అంతా రాళ్లే.

"ఎనక సూస్కోవే, ఇది మడి కాదు" అన్నాడు నాయిన.

మడమ గోడకు తగిలి ఆగింది. నవ్వింది. "గట్టు తగిలిందిలేవయ్యా. నాట్లేసిన కాళ్లు, ఎనక్కే పోతయి."

నాట్లు వేసినవాళ్లకు తెలుసు... నడుం వంచి వెనక్కే నడవాలి. మడమకు గట్టు తగిలితే మడి అయిపోయినట్టు. తిరిగి చూసుకునే పనే లేదు.

కొన్నాళ్లకు అమ్మను పైస్లాబ్ మీద సిమెంటు పాలు, అంటే నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు, పరిచే పనిలో పెట్టారు. చీపురుతో పరుస్తూ, తడి తొక్కకుండా వెనక్కి రావాలి. అమ్మకు అలవాటైన నడకే... అలాగే వంగి, అలాగే వెనక్కి వచ్చింది. అంచున గోడ ఇంకా కట్టలేదు.

మేం కింద ఇసుకలో ఆడుకుంటున్నాం... ఇంతకంటే రాయలేను.

"సూస్కోవద్దా మరి" అన్నాడు మేస్త్రి. అంచుకు అడ్డంగా ఒక కర్ర కట్టించడానికి తీరిక లేదు గానీ, ఆ మాట అనడానికి నోరొచ్చింది. నాకు ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

ఆ తర్వాత నెలకే కాలువ వదిలారు. బస్సెక్కింది మేం ముగ్గురమే. నాట్ల రోజుల్లో నాయిన పొలానికి వచ్చేవాడు కాదు. ఆడవాళ్లు వెనక్కి నడుస్తుంటే చూడలేనని ఒకసారి పెద్దమ్మతో చెప్పుకుని ఏడ్చాడు.

ఇప్పుడు మా ఊళ్లో సగం నాట్లు మిషన్లే వేస్తున్నాయి. పార్కు కూడా మారిపోయింది... రంగు దీపాలు, ఫోటోలు దిగడానికి వేరే చోటు, నడుమెత్తు స్టీలు రెయిలింగ్. అమ్మ పనిచేసిన ఆ బిల్డింగు అక్కణ్ణుంచి కనబడదు, దాని ముందు ఇంకా ఎత్తైనవి లేచాయి.

మొన్న అక్కడే మా అమ్మాయి నన్ను ఫోటో తీస్తూ వెనక్కి అడుగులేసింది. "ఎనక సూస్కో బిడ్డా" అని అరిచాను. నా గొంతులో నాయిన మాట...

"రెయిలింగ్ ఉంది కదమ్మా" అంది.

ఉంది... చూడ్డానికి వచ్చినవాళ్లకు ఉంది. పనికి వచ్చిన మా అమ్మకే లేకపోయింది.

మీ అమ్మ ఏం పని చేసేదో, ఆమె నడక ఎలా ఉండేదో కింద రాయండి... ఒక్కొక్కటీ చదువుకుంటాను.