అరవై శుభలేఖలు, ఒకే మామ

ఆ రోజుల్లో నాకు రెండు గర్వాలుండేవి. తిరువళ్ళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒకటి, మెమరీ వృథా చేయని ప్రోగ్రామర్నని ఇంకొకటి. (ఉద్యోగంలో చేరి అప్పటికి నలభై రోజులు.) "లూపులో ఊరికే కొత్త ఆబ్జెక్టులు చెయ్యొద్దప్పా" అని మా టీమ్ లీడర్ ఎప్పుడో అన్న మాటను వేదవాక్కుగా పట్టుకున్నాను.

అప్పుడే తిరుత్తణిలో మా అక్క పెళ్ళి కుదిరింది. దగ్గరివాళ్ళను తాంబూలమిచ్చి పిలిచారు, దూరపువాళ్ళకు పోస్టులో శుభలేఖలు. కే.జీ.కండిగైలో ఉన్న మేనమామకు తాంబూలమే వెళ్ళాలి. కానీ బోరు నీళ్ళ గొడవతో ఆయనకూ మా నాయనకూ మూడేళ్ళుగా మాటల్లేవు. "మామ రాకుంటే నన్ను గంపలో ఎవురు ఎత్తుకొస్తారు నాయనా?" అని అక్క ఒకటే ఏడుపు. "సరే, లిస్టులో ఆఖర్న వాని పేరూ ఎక్కించు. పోస్టులో పోనీ" అన్నాడు నాయన. పోస్టులో పిలిస్తే మామ గడప దాటడని అందరికీ తెలుసు.

కవర్ల మీద చిరునామాలు వేసే ప్రోగ్రాము నేనే రాశాను. మామతో కలిపి అరవైమంది. మనిషి పేరూ ఊరూ దాచే ఆబ్జెక్టులు అరవై దండగని ఒక్కటే చేసి, పేరూ ఊరూ మారుస్తూ దాన్నే అరవైసార్లు లిస్టులో చేర్చాను. ఒకే పలక మీద రాసి, తుడిచి, మళ్ళీ రాసి, అరవై పలకలున్నాయని మురిసిపోవడమన్నమాట. అరవైచోట్లా మిగిలేది ఆఖరి పేరొక్కటే. లిస్టులో ఎన్నున్నాయో చూశాను, సరిగ్గా అరవై. జిరాక్సు షాపతను కవర్లు అచ్చేసి, శుభలేఖలు పెట్టి, స్టాంపులంటించి కట్ట కట్టి ఇచ్చాడు. పైన మామ పేరుంది. ఆఖరిది కదా, పైనే ఉంటుందిలే అనుకుని పోస్టు చేసేశాను.

నాలుగోరోజు మామ మోపెడ్ మీద వచ్చి, ఎరువుల సంచి తెచ్చి వసారాలో కుమ్మరించాడు. అరవై కవర్లు! అన్నిటి మీదా మామ పేరే.

"ఒగటొస్తే చించి పారేద్దామనుకొంటి బావా. పోస్టుమేను ఇన్ని మోసుకొచ్చి, 'ఇంత బతిమాలతా ఉండారే, పోరాదా అయ్యా' అన్న్యాడు. అరవై దఫాలు పిలిస్తే ఎట్ల రాకుండా ఉండేది?" అన్నాడు మామ.

నాయన కవర్లనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత "కూచో. కాఫీ తాగి పోదువు" అన్నాడు. నేను నిజం చెప్పబోతే అమ్మ గట్టిగా గిల్లింది. (మిగతా యాభైతొమ్మిది మందినీ ఫోన్లో పిలిచేసరికి నా గొంతు పోయింది.)

అక్కను గంపలో మామే ఎత్తుకొచ్చాడు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు అదే తప్పు చేస్తే కోప్పడతాను, మనిషికో కొత్త ఆబ్జెక్టు చెయ్యమని నేర్పిస్తాను. కానీ ఆ నలభై రోజుల ఉద్యోగి మీద మాత్రం నాకు కోపం రాదు. వాడు ప్రోగ్రాము సరిగ్గా రాసి ఉంటే మామకు ఒక్క కవరే వెళ్ళేది.