రెండో నోరా

ఐర్లండ్ ఒడ్డునున్న మా దీవిలో బడి నడిపే ఊనా షార్కీ నాకు పెద్దమ్మ కూతురు. తాతముత్తాతల పుట్టుక వెతికిపెట్టమని ఎవరొచ్చినా చర్చి పుస్తకాలు తిరగేసిపెడుతుంది. మనసు వెన్న, నోరు మాత్రం కాదు. ఆ నోటికి జడిసి ఫాదరే పుస్తకాల గది తాళం ఆవిడ చేతిలో పెట్టేశాడు.

మొన్న వేసవిలో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి ఐలీ అనే పిల్ల వచ్చింది. స్పెయిన్‌లో ఉద్యోగం. బ్రిటిష్ పాస్‌పోర్టుతో ఇక అక్కడ ఉండనివ్వరట. అమ్మమ్మ నోరా ఐర్లండ్‌లోనే పుట్టిందని రుజువైతే ఐరిష్ పౌరసత్వం వస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది. ఊనక్క ఒక్క పూటలో తేల్చేసింది. ఊరు, తల్లిదండ్రుల పేర్లు అన్నీ కలిశాయి. పుట్టిన ఏడాది ఒక్కటే కలవలేదు. పాతకాలం వాళ్లకు వయసు సరిగా తెలియడం ఎప్పుడుందిలే అని కొట్టిపారేసి, జనన పత్రం తెప్పించింది.

పత్రం కోసం ఐలీ మళ్లీ వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ఈదురుగాలి. పడవ తిరిగి వెళ్తుందో లేదోనని నాకు గుబులుగా ఉంది. ఐలీ పత్రం చదువుకుని నవ్వింది.

"మే నెలా? మా అమ్మమ్మకి తన పుట్టినరోజే తెలీదన్నమాట! ఎప్పుడూ అక్టోబరు చివర, హాలోవీన్ ముందురోజే కేకు కోసేది."

ఊనక్క నవ్వలేదు. నాకూ అప్పుడే వెలిగింది. మా దీవిలో బిడ్డ పోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవాళ్లు. ఎండాకాలం నుంచి హాలోవీన్ దాకా ఊరు సగం స్కాట్లండ్‌లో బంగాళాదుంపలు తవ్వుతూ ఉండేది, నిండు చూలాళ్లతో సహా. ఇది మాకు ఎంత మామూలంటే అంతవరకు ఊనక్కకు తట్టనే లేదు.

ఆవిడ లేచి చర్చికి వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"సమాధుల పుస్తకంలో ఉందమ్మా. ఈ నోరా పొత్తిళ్లలోనే పోయింది. ఆ పేరే మీ అమ్మమ్మకి పెట్టారు. మీ అమ్మమ్మ పుట్టింది దుంపల చేల దగ్గర, మీ స్కాట్లండ్‌లోనే."

ఐలీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు. ఇదిగో, వీడికి."

ఆ పిల్ల నా వంక చూసిన చూపుకు నాకు నిజంగా భయం వేసింది.

"ఆ కాగితం ఇటియ్యి తల్లీ," ఊనక్క చెయ్యి చాచింది.

"చచ్చిపోయిన పిల్లకి ఇదెందుకు ఆంటీ?" అంటూ కాగితం కోటులో పెట్టుకుని, తలుపు కూడా వేయకుండా రేవు వైపు నడిచింది.

"ఆపనా అక్కా?" అన్నాను. ఊనక్క చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

"ఆ పోయిన పసిదాని పేరు చెల్లెలు తీసుకుందిరా. పుట్టుకైనా దానికి మిగిలిందనుకున్నాను."